వెలిగే బల్బు కింద బుడ్డి

మార్గశిర బహుళ పంచమి, గురువారం. మా వీధి చివరి ఇంట్లో చిన్నకోడలుగారి పెద్దకార్యం. ఉన్నవారు: ఆవిడ బావగారు, అంటే భర్తకి అన్నగారు (ఊళ్ళో అందరికీ పెద్దాయన), ఆయన భార్య పెద్దకోడలుగారు, పిఠాపురం నుంచి వచ్చిన చిన్నకోడలుగారి కూతురు, అల్లుడు, వెనకింటి మంగ, నేను, నా భార్య. భోజనం చేసి వెళ్ళిపోయినవాళ్ళని రాయలేదు. కనిపించనిది ఒకటే, వెనక వాటాలోని ఫ్యూజు పెట్టె తాళంచెవి. అదెక్కడుందో ఎవరికీ తెలియదట. తెలియదని మాత్రం అందరూ చెప్పారు.

చనిపోయినావిడ పేరు నేను రాయను. అత్తమామలు పోయి, భర్త పోయి, తనకే మనవలు పుట్టాక కూడా ఊరంతా ఆవిడని చిన్నకోడలుగారనే పిలిచింది. పేరు చెప్పడం ఆవిడకీ ఇష్టం ఉండేది కాదు. సిమ్ము కార్డు అమ్మడానికి వచ్చినవాడు ఆధార్ నకలు అడిగితే, "నా పేరు పట్టుకెళ్ళి నువ్వెక్కడ వాడతావో నాకేం తెలుసు నాయనా" అని వాకిట్లోంచే పంపేసింది.

నేను కరెంటు ఆఫీసులో బిల్లుల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. ఎదుటివాళ్ళు నిజం చెబుతున్నారని అనుకుంటే చెయ్యగలిగే ఉద్యోగం కాదది. పందిరి మీద పాకిన తీగల్లో ఏది చిక్కుడు, ఏది దొంగ వైరు అని చూసే కళ్ళు వచ్చేస్తాయి. ఆ కళ్ళతోనే మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాను. బిల్లు ఎక్కువ వస్తోందని పెద్దాయన ఫిర్యాదు ఇచ్చారు. లైన్‌మాన్‌ని వెంటబెట్టుకుని పక్కసందులోంచి వెనక వాటాలోకి వెళ్ళాం.

ఒకప్పుడు అది పశువుల సావిడి. సున్నం వేసి, ఒక పెద్ద గ్రైండరు పెట్టుకుని, చిన్నకోడలుగారు ఇడ్లీపిండి, దోసెలపిండి రుబ్బి అమ్ముతోంది. తలుపుకి ఎదురుగా బల్బు వెలుగుతోంది. సరిగ్గా దాని కింద, గూట్లో కిరసనాయిలు బుడ్డి కూడా వెలుగుతోంది.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. వెలిగే బల్బు కింద బుడ్డి వెలిగించుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఈ బల్బు ఏ క్షణాన్నైనా ఆరిపోతుందని ఈవిడకి తెలుసన్నమాట. అంటే ఇది దొంగ లైను.

"బల్బు ఉండగా బుడ్డెందుకమ్మా?" అన్నాను.

"బల్బు నాది కాదు కదండి." గ్రైండరు మీంచి కళ్ళు తియ్యలేదు. "ఎవరు పంపారండీ మిమ్మల్ని?"

"ఆఫీసు పంపింది."

"ఆఫీసుని ఎవరు పంపారు?"

లైన్‌మాన్ నవ్వాడు. నేను నవ్వలేదు. వైరు వెంబడే గోడంతా వెతుకుతున్నాను. అంతలో ముందువైపు నుంచి ఎవరో దగ్గారు. గ్రైండరు మూలిగి ఆగిపోయింది. బల్బు ఆరిపోయింది. పక్కింట్లో టీవీ మాత్రం మోగుతూనే ఉంది. బుడ్డి వెలుగులో ఆవిడ తొణక్కుండా సగం నలిగిన పప్పుని చేత్తో తోడి రుబ్బురోట్లోకి వేసుకుంటోంది.

"దగ్గు విన్నారుగా? అంతేనండి. బావగారికి దగ్గొస్తే నాకు కరెంటు పోతుంది" అంది.

ముందువైపుకి వెళ్ళి చూశాను. వీధి అరుగు మీద పడక్కుర్చీ, అందులో పెద్దాయన. తల మీద గోడకి బోర్డు: మీటరొకటి, దాని కింద రెండు ఫ్యూజులు. ఒకటి ముందు వాటాకి, ఒకటి వెనక వాటాకి. రెండోదాని స్థానం ఖాళీగా ఉంది. ఆ తెల్లటి పింగాణీ ముక్క ఆయన బనీను జేబులోంచి తొంగి చూస్తోంది.

"ఫ్యూజు పోయిందాండీ?" అన్నాను.

"పోలేదు, తీశాను. వైరు కాసేపు చల్లబడాలి కదా. ఆడవాళ్ళు వేస్తే వేసినట్టే వదిలేస్తారండి, మనమే కనిపెట్టుకుని ఉండాలి. కూర్చోండి, కాఫీ తాగి వెళ్ళండి."

తలుపు వెనకనుంచి కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒకటి వచ్చింది. రెండు గాజులు, మోచేతిదాకా చీర కొంగు. అదే పెద్దకోడలుగారిని నేను మొదటిసారి చూడటం. చూశాననడానికి ఆ చెయ్యే సాక్ష్యం.

దొంగ లైను దొరకలేదు. ఆ విషయం ఆ రోజు డైరీలో రాసి, "ఇంకా అనుమానమే" అని కింద రాశాను.

తరవాత పిండి కోసం నా భార్య అక్కడికి వెళ్ళడం, అప్పుడప్పుడు గిన్నె నా చేతికి ఇచ్చి పంపడం అలవాటైంది. పిండి కొనేవాళ్ళు ఎవరి గిన్నె వాళ్ళే తెచ్చుకోవాలి. అది ఆవిడ నియమం. అలా వెళ్ళినప్పుడల్లా ఆవిడని గమనించేవాణ్ణి. ఆవిడా నన్ను గమనించేది. స్విచ్చి మీద చెయ్యి వేసి, వెయ్యకుండా, ముందువాటా వైపు చెవి పెట్టేది. పెద్దాయన మాట వినిపిస్తే సరే. ఏమీ వినిపించకపోతే ఆవిడకి భయం. గ్యాసుబండ తెచ్చినవాణ్ణి నిలబెట్టి, రెండు చేతులా బండని ఎత్తి, కుదిపి, చెవి ఆనించేది. "సీలు ఉందిగా అమ్మా" అని వాడు గొణిగితే, "సీలు వేసేది మీరేగా" అనేది. నానబోసే పప్పు ఎప్పుడూ రెండు గిన్నెల్లో పోసేది. ఒక గిన్నె గ్రైండర్లోకి. రెండోది, కరెంటు ఉంటే ఆ తరవాత గ్రైండర్లోకే, లేకపోతే రోట్లోకి. రోట్లో ఎంత రుబ్బగలదో అంతకు మించి ఎవరికీ మాట ఇచ్చేది కాదు. పెళ్ళి పిండి రుబ్బమని వచ్చినవాళ్ళని ఎన్నోసార్లు తిప్పి పంపేసింది.

ఒక సాయంత్రం నేను మాటవరసకి, "ఈమధ్య మనకి కరెంటు బాగానే ఉంటోంది కదండీ" అన్నాను.

"ఉంటోందనకండి. ఉంచుతున్నారు అనండి" అంది.

ఆ మాట నేను ఆఫీసు గురించి అన్నదనుకున్నాను. ఇంటికొచ్చాక, అది ఆఫీసు గురించి కాకపోవచ్చని తోచింది.

"అరుగు మీదికెళ్ళి ఆ ఫ్యూజు మీరే పెట్టుకోవచ్చుగా?" అని ఇంకోసారి అడిగాను. ఆవిడ నా వంక వింతగా చూసింది.

"బావగారు కూర్చున్న అరుగు నేను ఎక్కుతానాండీ?"

అది నాకు తెలియని సంగతి కాదు. మా వైపు పాతకాలపు ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదట పడదు. ఆయన వస్తుంటే తలుపు చాటుకి తప్పుకుంటుంది, మాట్లాడవలసివస్తే అక్కతో చెప్పిస్తుంది. ఈ రోజుల్లో ఎవరు పాటిస్తున్నారని అడగొచ్చు. ఆవిడ పాటించింది. ఆయనతో అంతకాలం పోట్లాడింది, ఆయన ముందు ఒక్కసారి నిలబడలేదు. ఆయన చెయ్యి చాచి ఆవిణ్ణి ఆపక్కర్లేదు. కుర్చీ వేసుకుని బోర్డు కింద కూర్చుంటే చాలు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి నా భార్యకి చెప్పాను.

"మన ఫ్యూజులెక్కడున్నాయి?" అంది.

"వరండాలో. నా కుర్చీ పక్కన."

నెయ్యి గిన్నె కొంచెం దూరంగా పెట్టింది.

సొంత మీటరు కావాలని ఆవిడ ఆఫీసుకి వచ్చింది. ఇల్లు ఒకటే, డోరు నంబరు ఒకటే. బావగారు అభ్యంతరం లేదని సంతకం చెయ్యాలి. చెయ్యరనే అందరం అనుకున్నాం. పెద్దాయన మర్నాడే మా ఆఫీసుకి వచ్చి, "దానికేముందండీ, మా మరదలికి నేను కాకపోతే ఎవరు చేస్తారు" అని నవ్వుతూ పెన్ను తీశారు. ఒకే మాట కోరారు. కొత్త మీటరు కూడా అరుగు మీదే, పాతదాని పక్కనే పెట్టాలి. వెనకాల జల్లు కొడుతుందట, మీటరు తడిసిపోతుందట.

లైన్‌మాన్ పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆవిడకి చెప్పాడు. ఆవిడ వద్దంది.

సెక్షన్‌లో అందరూ నవ్వారు. కావాలన్నదీ ఆవిడే, ఇస్తానంటే వద్దన్నదీ ఆవిడే. నాకు మాత్రం ఆవిడ మీద అనుమానం మళ్ళీ మొలిచింది: ఈవిడకి అసలు మీటరు కావాలా, బావగారి మీద పోట్లాట కావాలా? కబురంపితే వచ్చి, నా బల్ల ముందు నిలబడింది.

"ఆయన సంతకం పెడతానంటున్నారు కదమ్మా."

"అందుకేనండి భయం. ఇన్నాళ్ళూ ఒక్క ఫ్యూజు కోసం జేబు చించుకున్న మనిషి ఇవాళ మీటరే ఇస్తానంటున్నారు. మీరైతే తీసుకుంటారా?"

"మీటరు మీ పేరున ఉంటుంది."

"పేరు నాది. గోడెవరిదండీ? ఆ గోడ కింద కుర్చీ ఎవరిది?"

సెక్షన్‌లో ఇంకో ఆయన, "గోడ గురించి మా రూల్సులో లేదమ్మా" అన్నాడు. "రూల్సు రాసినాయన అరుగు మీదే కూర్చుని రాసుంటారు" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తరవాత వెనక వాటా ఫ్యూజు పెద్దాయన జేబు దిగలేదు. చాలాకాలం రుబ్బురోలే. ఆ రోజుల్లో పిండికి వెళ్తే ఆవిడ భుజాల మీద తడిగుడ్డ ఉండేది. నేను జాలిపడితే కోప్పడేది. జాలి వెనక ఏముందో వెతికేది.

డోరు నంబరు ఒకటే కావడం అడ్డు కదా. నంబరు వేరే కావాలంటే వేరే గుమ్మం ఉండాలని పంచాయతీవాళ్ళు అన్నారట, వదిలించుకోవడానికి. ఆవిడ మేస్త్రీని పిలిచి వెనక గోడ పగలగొట్టించి, కాలవగట్టు వైపుకి గుమ్మం పెట్టించింది. నంబరు వేయించుకుని, ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "ఇప్పుడు అడగండి, ఇంకేం కావాలో" అంది.

ఇంకొకటి కావలసి వచ్చింది. స్తంభం కాలవగట్టు మీద ఉంది. తీగ అక్కణ్ణించి ఈ గోడకి రావాలంటే వెనకింటి మంగ వాకిలి మీదుగా రావాలి. మంగ బుట్టలో చేపలు పెట్టుకుని ఊళ్ళో అమ్ముతుంది. ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వదు. ఆవిడా అనుమానం మనిషే. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మంగ ఒప్పుకుంది. మీటరు వెనక గోడ మీదికి వచ్చింది. దాని కింద ఫ్యూజులకి చిన్న ఇనప పెట్టె, ఆవిడ భుజం ఎత్తులో. పెట్టెకి తాళం, తాళంచెవి ఆవిడ నడుముకి.

మంగ ఎందుకు ఒప్పుకుందా అన్నది నన్ను తొలిచింది. మీటరు తీసుకుని పక్కింటికి లైను లాగి ఇచ్చినవాళ్ళని మా సర్వీసులో చాలామందిని చూశాను. ఒక సాయంత్రం చెప్పకుండా కాలవగట్టు మీదుగా వెళ్ళాను. మంగ వంట పాకలో వెలుతురు కనిపించింది. మంగ ఇంటికి మీటరు ఉందిగానీ, ఒక్క బల్బు. అది ముందుగదిలో, మంగ మొగుడి మంచానికి పైన ఉంటుంది. వంట పాకలోకి వైరు రాలేదు. మరి ఆ వెలుతురు ఎక్కణ్ణించి?

లోపలికి తొంగి చూశాను. వైరు లేదు, బల్బు లేదు. మంగ చేపలు తోముతూ తలెత్తి, "ఏంటి బాబుగారూ, పులుసు వాసనొచ్చిందా?" అంది.

"ఈ వెలుతురు..."

"అదా! అలా చూడండి."

వెనక్కి తిరిగాను. చిన్నకోడలుగారి గోడకి బయటివైపు ఒక బల్బు. అది ఆవిడ గుమ్మానికి కాకుండా పక్కకి, మంగ పాక కిటికీకి సూటిగా తిరిగి ఉంది. తీగ గోడ దాటలేదు. వెలుతురు దాటింది.

గోడ అవతలనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "రాసుకోండి అయ్యగారూ. వెలుతురు కూడా దొంగతనమే అని రూల్సులో ఉంటే రాసుకోండి."

మంగ పగలబడి నవ్వింది. "మా పొయ్యి కాడికి కరెంటోళ్ళు రావడం ఇదే మొదలండీ. కూర్చోండి, ఉల్లిపాయలు తరుగుదురుగాని."

నేను రాసుకోవలసింది ఏమీ దొరకలేదు. అయినా ఆ కిటికీ, ఆ బల్బు ఎదురెదురుగా ఎలా వచ్చాయో బొమ్మ వేసి డైరీలో పెట్టుకున్నాను. ఎన్నో ఇళ్ళ వైరింగు చూశాను. మొదటి పాయింటు వీధి గదిలో, చివరి పాయింటు వంటింట్లో. చాలాచోట్ల ఆ చివరి పాయింటు దాకా వైరు రాదు.

మీటరు వచ్చాక ఆవిడ పెళ్ళి పిండి ఒప్పుకోవడం మొదలుపెట్టింది. పప్పు ఒకే గిన్నెలో నానబోసింది. మనిషి మాత్రం మారలేదు. ముందువైపు పెద్దాయన దగ్గితే చెయ్యి అప్రయత్నంగా రోలు వైపు వెళ్ళేది. గ్రైండరు ఆగలేదని తెలిశాక వెనక్కి తీసుకునేది. బల్బు కింద బుడ్డి కూడా అలాగే వెలిగేది. రేషన్లో కిరసనాయిలు ఆగిపోయాక కొబ్బరినూనె పోసింది.

"ఇప్పుడు బల్బు మీదేగా? ఇంకా ఎందుకండీ?" అన్నాను ఒకసారి.

"నాదే. ఇప్పటిదాకా" అంది.

ఆ ఇంట్లో ఆవిడ పూర్తిగా నమ్మిన మనిషి ఒకరున్నారని నేను ఎప్పుడూ అనుకోలేదు. తోడికోడళ్ళు మాట్లాడుకోవడం నేను వినలేదు. పెద్దకోడలుగారు పెరటి తలుపు దగ్గర నిలబడి గ్రైండరు తిరుగుతుంటే చూస్తూ ఉండేవారు. అది చూపో, నిఘానో నాకు తెలిసేది కాదు. పెద్దాయన పంపితే వచ్చి నిలబడ్డారనే నా అనుమానం.

ఇక గురువారం సంగతి. భోజనాలయ్యాక పెద్దాయన కుర్చీలో కూర్చుని నన్ను పక్కకి పిలిచారు. ఆయనకీ వయసు మీద పడింది, దగ్గు నిజంగానే వస్తోంది.

"వెనకాల ఇక ఎవరూ ఉండరు కదండీ. ఒక్క ఇంటికి రెండు మీటర్లు దేనికి? అది రద్దు చేయించేద్దాం. ఆ గుమ్మం కూడా రేపు మేస్త్రీ వచ్చి మూసేస్తాడు. ఆఫీసు భాష మీకు తెలుసు. పొద్దున్నే వచ్చి కాగితం రాసిపెట్టండి, అమ్మాయి సంతకం చేసి ఊరెళ్తుంది."

కూతురు గడప లోపల నిలబడి ఉంది. "అంత తొందరేంటి పెదనాన్నా? ఆ పెట్టె తాళమన్నా దొరకనివ్వండి" అంది.

"దొరక్కపోతే పగలగొడతాం. వెతికావా సరిగ్గా?"

"అమ్మ నడుముకి లేదు. బీరువాలో లేదు." ఆ అమ్మాయి మాట్లాడుతూ మంగ వైపు చూసింది.

మంగకి ఒళ్ళు మండింది. "నా వంక చూస్తావేంటమ్మా? బల్బు వెలుతురు వాడుకున్నాను, తాళంచెవి కూర వండుకోలేదు." అని పెద్దాయన వైపు తిరిగి, "వెతికేవాళ్ళని జేబులు కూడా వెతుక్కోమనండి" అంది.

పెద్దాయన బనీను జేబు తట్టుకున్నారు. అలవాటు చొప్పున తట్టుకున్నారో, ఉందేమోనని తట్టుకున్నారో. నేను అందరి మొహాలూ చూశాను. కూతురు మంగని అనుమానిస్తోంది, మంగ పెద్దాయనని, పెద్దాయన కూతుర్ని. అల్లుడు మధ్యలో వచ్చి బస్సు టైము అడిగాడు. పెద్దకోడలుగారు ఎంగిలాకులు తీసేవాళ్ళకి బక్కెట్టు అందిస్తూ, కొంగు చాటునే తెలియదన్నట్టు తల ఊపారు. నేను వస్తానని పెద్దాయనకి మాట ఇచ్చి ఇంటికొచ్చాను.

"రాస్తారా?" అంది నా భార్య దారిలో.

"కాగితం రాయడమే కదా. సంతకం నాది కాదు."

"ఓహో" అంది. మిగతా దారంతా నాకంటే ముందు నడిచింది.

మర్నాడు పొద్దున్న జేబులో పెన్ను పెట్టుకుని బయల్దేరాను. కాలవగట్టు మీదుగా వెళ్ళడం నాకు అలవాటు. మంగ ఇంటి దగ్గరికి వచ్చేసరికి గ్రైండరు చప్పుడు వినిపించింది.

ముందు నమ్మలేదు. ఇంకెవరింట్లోదో ఏమో అనుకున్నాను. వెనక గుమ్మం తీసి ఉంది. ఇంకా మేస్త్రీ రాలేదు. లోపల బల్బు వెలుగుతోంది. కింద గూట్లో బుడ్డి కూడా వెలుగుతోంది. గ్రైండరు పక్కన ముక్కాలి పీట మీద పెద్దకోడలుగారు. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, మోచేతిదాకా పిండితో ఉన్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ మొహం పూర్తిగా చూడటం అదే మొదటిసారి. నడుముకి దారంతో కట్టిన తాళంచెవి.

అది ఆవిడ దగ్గరికి నిన్న వచ్చిందో, ఎప్పుడో చిన్నకోడలుగారే ఇచ్చిందో నేను అడగలేదు. నాకు వచ్చిన మొదటి ఆలోచన మాత్రం, ఇది కూడా పెద్దాయన ఎత్తేనేమో అని. రద్దు చేస్తానని ఊరంతా వినేలా చెప్పి, భార్యని కూర్చోబెట్టి పిండి వ్యాపారం చేతిలోకి తీసుకుంటున్నారేమో.

అంతలో ముందువైపు నుంచి దగ్గు. కాసేపాగి ఇంకోసారి, గట్టిగా. ఆ వెనకే, "ఎవరదీ వెనకాల? ఎవరు వేశారది?" అని పెద్దాయన గొంతు.

పెద్దకోడలుగారు అటు చూడలేదు. పప్పు కొంచెం పోసి, నీళ్ళు చిలకరించారు. గ్రైండరు తిరుగుతూనే ఉంది.

గుమ్మంలో నన్ను చూశారు. నేనెప్పుడూ వినని గొంతు అది. కొంచెం బొంగురుగా ఉంది.

"ఎవరు పంపారండీ మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదండి. పిండి కోసం వచ్చాను" అన్నాను.

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"జేబులో పెన్నుంది. చేతిలో గిన్నె లేదు" అన్నారు.

ఇంటికెళ్ళి గిన్నె తెచ్చుకున్నాను.